జాబాలి అడిగిన ప్రశ్న, మహాలయంలో వదిలే నీళ్లు

యది భుక్తమిహాన్యేన దేహమన్యస్య గచ్ఛతి ।
దద్యాత్ ప్రవసతః శ్రాద్ధం న తత్ పథ్యశనం భవేత్ ॥

ఇక్కడ ఒకరు తిన్నది ఇంకొకరి ఒంటికి పట్టేటట్లయితే, ఊరికి వెళ్లినవాడికి కూడా ఇంట్లోనే శ్రాద్ధం పెట్టేయవచ్చు, దారిబత్తెం కట్టివ్వక్కర్లేదు. రామాయణం అయోధ్యాకాండ 108వ సర్గలో, దశరథుడి కొలువులోని బ్రాహ్మణుడు జాబాలి, వనవాసం మాని రాజ్యం ఏలుకొమ్మంటూ రాముడితో అన్న మాట ఇది. చచ్చినవాడు ఏం తింటాడు, అష్టకాశ్రాద్ధాల పేరుతో అన్నం పాడవుతోంది చూడు అని దానికి ముందే అన్నాడు. ఇదే ప్రశ్నను, కాకికి పెట్టే పిండం గురించి, మన వేమన ఇంకా మోటుగా అడిగాడు.

జాబాలి ఈ మాట ఎవరితో అన్నాడో చూడాలి. అంతకు కొద్ది సర్గల ముందే రాముడు మందాకినిలో దిగి, దక్షిణంగా తిరిగి, దోసిలితో తండ్రికి నీళ్లు వదిలాడు. గారపండ్ల పిండిలో రేగుపండ్లు కలిపి దర్భల మీద పిండం పెట్టాడు. "మహారాజా, మేం తినేది ఇదే, ప్రీతితో తిను, మనిషి ఏది తింటాడో అతని దేవతలూ అదే తింటారు" అని ఏడ్చాడు. చక్రవర్తికి గారపిండి పిండమా అని ఆ తర్వాత కౌసల్య కుమిలిపోయింది. ఆ దుఃఖం ఆరకముందే వచ్చింది జాబాలి తర్కం.

రాముడికి కోపం వచ్చింది. ఇలాంటి బుద్ధి గలవాణ్ణి కొలువులో పెట్టుకున్నందుకు తండ్రినే తప్పుపట్టాడు. కానీ 109వ సర్గలో ఆయన జవాబు చదివితే ఒకటి కనిపిస్తుంది: అన్నం పితృలోకానికి ఎలా చేరుతుందన్న వాదనలోకి ఆయన దిగనే లేదు. లోకంలో సత్యమే ఈశ్వరుడన్నాడు, తండ్రికిచ్చిన మాట తప్పనన్నాడు. ఆ తండ్రి అప్పటికే లేడు. మాట పుచ్చుకున్నవాడు పోయినా మాట బతికే ఉంటుందన్న ఈ నమ్మకం మీదే శ్రాద్ధం నిలబడి ఉందని నా అభిప్రాయం.

చేరే దారి గురించి శాస్త్రం చెప్పిన జవాబు వేరే ఉంది. తండ్రి వసురూపం, తాత రుద్రరూపం, ముత్తాత ఆదిత్యరూపం. పితరుడు దేవతగా పుట్టి ఉంటే మనం పెట్టింది అమృతమవుతుంది, పశువుగా పుట్టి ఉంటే గడ్డి అవుతుంది అంటుంది మత్స్యపురాణం. పునర్జన్మనూ పిండప్రదానాన్నీ ఒకేసారి ఎలా నమ్ముతారన్న ప్రశ్న పూర్వులకు తట్టకపోలేదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మరొకటి. పోయినవాళ్ల సంగతి ఎలా ఉన్నా, పెట్టేవాడి మనసును శాస్త్రకారులు జాబాలి కంటే గట్టిగా శంకించారు. శ్రాద్ధానికి పిలిచే భోక్తలు, అంటే భోజనం చేసే బ్రాహ్మణులు, దేవతల తరఫున ఇద్దరు, పితరుల తరఫున ముగ్గురు, కాకపోతే చెరొకరు. ఎంత కలిగినవాడైనా అంతకు మించవద్దంటాడు మనువు. మించితే ఐదు చెడతాయి: మర్యాద, చోటు, వేళ, శుచి, తగిన భోక్తలు. ముప్పై విస్తళ్లు వేసిన తద్దినంలో ఇదే జరుగుతుంది. కుతపకాలం, అంటే పగటిని పదిహేను భాగాలు చేస్తే ఎనిమిదోది, ఆరింటికి పొద్దుపొడిస్తే 11:36 నుంచి 12:24 దాకా, వంటింటి హడావిడిలోనే దాటిపోతుంది. స్నేహితుణ్ణి మెప్పించడానికి శ్రాద్ధభోజనం పెట్టవద్దనీ ఆయనే అన్నాడు. శుచి, కోపం లేకపోవడం, తొందర లేకపోవడం, ఈ మూడూ ఉండాలన్నాడు. బతికున్నప్పుడు తల్లికి వేళకు ఇంత ముద్ద పెట్టనివాడు ఆబ్దికంలో గారెలు సరిగా వేగలేదని వంటవాళ్ల మీద అరుస్తాడు. అక్రోధం అన్నది అలాంటివాడి కోసమే రాశారు.

చేతిలో ఏమీ లేనివాడికి విష్ణుపురాణం దారి చూపింది: చిటికెడు నువ్వులివ్వు, అదీ లేకపోతే అడవికి వెళ్లి చేతులు పైకెత్తి, నా దగ్గర ధనం లేదు, నా భక్తితోనే తృప్తి పొందండని పితరులకు చెప్పుకో.

భాద్రపద బహుళ పాడ్యమి నుంచి అమావాస్య వరకు మహాలయపక్షం. తర్పణానికి మూడు దర్భల పవిత్రం (వేలికి పెట్టుకునే దర్భ ఉంగరం), నల్ల నువ్వులు, రాగి లేదా ఇత్తడి పాత్రలో నీళ్లు చాలు, ఇనుము పనికిరాదు. దక్షిణముఖంగా కూర్చుని, జంధ్యం కుడిభుజం మీదికి మార్చి (ఇదే అపసవ్యం), గోత్రం, పేరు, వసు రుద్ర ఆదిత్యుల్లో వారి రూపం చెప్పి ఒక్కొక్కరికి మూడుసార్లు వదలాలి. నీళ్లు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జారాలి. తొందరపడితే వేళ్ల కొసల నుంచి పోతాయి, అది దేవతీర్థం, దేవతలకు నీళ్లు వదిలే దారి. అపసవ్యం చేసుకోవడం మరిచిపోవడం మరో మామూలు పొరపాటు.

"ఎవరికి ఎవరు బంధువు? ఒంటరిగా పుడతాడు, ఒంటరిగా పోతాడు" అని కూడా జాబాలి అన్నాడు. తర్పణంలో మన వాళ్లందరి పేర్లూ అయ్యాక, వంశంలో కొడుకులు లేకుండా పోయినవారికి బట్ట పిండిన నీళ్లు వదులుతారు. చివరగా తల్లి, తండ్రి, బంధువు, సగోత్రీకుడు ఎవరూ లేనివాళ్లను తలుచుకుంటారు. వాళ్లకు పేరు చెప్పక్కర్లేదు, గోత్రం అక్కర్లేదు. పవిత్రం ముడి విప్పి, ఆ దర్భలతోనే నీళ్లు విడిచిపెడతారు.