కాగితం విమానం ప్రయోగంలో మా పరువు తీసింది గాలి కాదు, చెయ్యి

మా ఎనిమిదో తరగతి పిల్లల సైన్స్ ఫెయిర్ నిన్నే ముగిసింది. జెమ్ క్లిప్పు ఎక్కడ పెడితే కాగితం విమానం ఎక్కువ దూరం పోతుంది? ఇదీ మేం తీసుకున్న ప్రశ్న. 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 80 గ్రాములు) ఏ4 కాగితం, సుమారు 5 గ్రాములు. పిల్లలందరికీ తెలిసిన రాకెట్ మడతే. మడతల్ని స్కేలుతో నొక్కాలి, అంతే.

చిక్కంతా విసరడంలోనే. అదే విమానం, అదే పిల్లవాడు. ఒకసారి 4 మీటర్లు, మరోసారి 9. పట్టిక చూసిన పరిశీలకుడు పిల్లల ముందే, "ఇది విమానం మీద ప్రయోగమా, వీడి భుజం మీదా?" అన్నారు. తల కొట్టేసినట్టయింది. పక్కనున్న థర్మోకోల్ అగ్నిపర్వతాన్ని మాత్రం ఒక్క ప్రశ్నా అడగలేదు. అయినా ఆయనన్నది నిజమే.

దాంతో చేతిని తప్పించాం. రెండడుగుల చెక్కకి ఒక చివర 10 సెంటీమీటర్ల ఎడంగా రెండు మేకులు కొట్టి, వాటికి రబ్బరు బ్యాండు తగిలించాం. విమానం అడుగు మడతలో, ముక్కుకి 3 సెంటీమీటర్ల వెనక చిన్న గాటు పెట్టాం. గాటు చుట్టూ టేపు అంటించకపోతే రెండో విసురుకే చిరుగుతుంది. ప్రతిసారీ 12 సెంటీమీటర్ల గీత దాకా లాగి వదలాలి. చెక్క ముందువైపు కింద ఎప్పుడూ అవే రెండు పుస్తకాలు.

ఇంకో గోతిలో కూడా పడ్డాం. లాగగా లాగగా రబ్బరు సాగిపోతుంది. క్లిప్పు ముక్కున పెట్టిన విసుర్లన్నీ ముందు, తోకన పెట్టినవి చివర చేస్తే ఓడేది తోక కాదు, రబ్బరు. అందుకే ముక్కు, మధ్య, తోక ఒక్కోసారి చొప్పున, అలా పది చుట్లు వేశాం.

క్లిప్పు ఉన్న విమానాన్నీ లేనిదాన్నీ పోల్చకండి, బరువు కూడా మారిపోతుంది. అదే క్లిప్పుని జరపండి. అరగ్రామే కదా అనుకోవద్దు: 20 సెంటీమీటర్లు వెనక్కి జరిపితే గరిమనాభి, అంటే విమానం బరువు సరితూగే చోటు, దాదాపు 2 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. అప్పుడు విమానం ముక్కెత్తి, వేగం చచ్చి, దబ్బున కూలుతుంది. క్లిప్పు ముక్కున ఉంటే తిన్నగా సాగుతుంది.

ఫ్యాన్లు ఆపండి. మధ్యలో ఎవరూ రెక్క అంచు వంచకుండా చూడండి; మావాళ్లు దొంగచాటుగా వంచారు. దూరం మొదట నేల తాకిన చోటికే కొలవాలి, నున్నటి గచ్చు మీద అది ఇంకా జారుతూ పోతుంది.