పన్నెండున్నర దగ్గర పలికిన టెస్లా కాయిల్

టెస్లా కాయిల్ అంటే హై వోల్టేజి పుట్టించి గాల్లోకి చిన్న మెరుపులు వదిలే సరంజామా. అందులో రెండు తీగ చుట్టలు: కరెంటు అందుకునే ప్రైమరీ, మెరుపు వదిలే సెకండరీ. రెండూ ఒకే ఫ్రీక్వెన్సీలో ఊగేలా చెయ్యడమే ట్యూనింగ్. ఈ టెస్లా కాయిల్ చుట్టడానికి పట్టిన ఓపిక ఒకెత్తు, దాని ప్రైమరీని ట్యూన్ చెయ్యడం ఒకెత్తు. నన్ను ఏడిపించింది రెండోదే.

సెకండరీకి 110 మి.మీ. పీవీసీ పైపు మీద 28 గేజి ఎనామిల్ వైరు 1,100 చుట్లు చుట్టాను. పైన అల్యూమినియం డక్టుతో చేసిన 40 సెం.మీ. టోరాయిడ్, అంటే గారె ఆకారపు లోహపు చక్రం. ప్రైమరీకి ఏసీ మెకానిక్‌లు వాడే పావు అంగుళం రాగి గొట్టం 15 మీటర్లు తెచ్చి, 14 చుట్లుగా జిలేబీలా పరిచాను. నియాన్ బోర్డుల రోజులు పోయాయి కదా, వాటిని వెలిగించే హై వోల్టేజి ట్రాన్స్‌ఫార్మర్ దొరకడమే గగనమైంది. బోర్డులు చేసే ఒకాయన అటక మీంచి దించి ఇచ్చాడు: 9,000 వోల్టులు, 30 మిల్లీ ఆంపియర్లు. 0.15 మైక్రోఫారడ్ కెపాసిటర్లు పది సిరీస్‌లో పెడితే 15 నానోఫారడ్‌లు వచ్చాయి.

లెక్క ప్రకారం సెకండరీ 189 కిలోహెర్ట్జ్. ప్రైమరీలో చుట్లు పెరిగేకొద్దీ దాని ఇండక్టెన్స్ పెరిగి ఫ్రీక్వెన్సీ దిగుతుంది. అదీ అక్కడికే రావాలంటే 47 మైక్రోహెన్రీల ఇండక్టెన్స్ కావాలి, అంటే పదకొండూ ముప్పావు చుట్లు. పాత ఫ్యూజ్ హోల్డర్ నుంచి పీకిన క్లిప్పుని అక్కడ తగిలించాను; ఆ తగిలించిన చోటే ట్యాప్. సెకండరీ కింది కొన కోసం పెరట్లో విడిగా ఎర్త్ రాడ్ దించాను. ఇంటి ఎర్తింగ్‌కి దీన్ని కలిపితే టీవీ నుంచి ఫ్రిజ్ దాకా అన్నీ ప్రమాదంలో పడతాయి.

వోల్టేజి పెంచి తగ్గించే డిమ్మర్‌స్టాట్ దగ్గర మా బావమరిది. "బావా, ఇంకా పెంచనా?" అంటూనే ఉన్నాడు. కెపాసిటర్లు నిండినప్పుడల్లా నిప్పురవ్వ దూకే సందు, అదే స్పార్క్ గ్యాప్, చెవులు చిల్లులు పడేలా కొడుతోంది, టోరాయిడ్ మీద మాత్రం జానెడు ఊదారంగు కుచ్చు. అంతే!

ఇక్కడే తప్పు చేశాను. ట్యాప్ వైరు మీటరు పొడవుంది, దాని ఇండక్టెన్స్ కూడా కలిసి ఎక్కువైపోయిందేమోనని చుట్లు తగ్గేలా లోపలికి జరిపాను. పదకొండుంపావు దగ్గర ఆ కుచ్చు కూడా పోయింది. ఒక మీటరు వైరు ఇచ్చేది ఒక మైక్రోహెన్రీ చిల్లర. 47లో అదెంత?

ప్రతిసారీ ఇదే తంతు: ప్లగ్ పీకడం, పది లెక్కపెట్టడం, పీవీసీ కర్రకి కట్టిన వైరుతో కెపాసిటర్లని షార్ట్ చెయ్యడం, అప్పుడే క్లిప్పు ముట్టుకోవడం. ఒక్కో కెపాసిటరుకి మిగిలిన చార్జిని దించేసే 10 మెగోమ్ బ్లీడర్ రెసిస్టరు ఉంది కదా అని నేను కర్ర పక్కన పెట్టలేదు. ఒక్క రెసిస్టరు లోపల తెగినా ఆ కెపాసిటరు చార్జి పట్టుకునే కూర్చుంటుంది. ఈ వరసలో తొందరపడే మనిషైతే ఈ సరదా జోలికి పోకపోవడమే మంచిది.

రెండో రాత్రి బయటికి జరపడం మొదలెట్టాను. పన్నెండు దగ్గర మూరెడు లేదు గానీ, చూడ్డానికి మెరుపులానే ఉంది. పన్నెండుంపావు దగ్గర ఇంకాస్త. అప్పుడు వెలిగింది నాకు: టోరాయిడ్ నుంచి గాల్లోకి పాకే మెరుపు కూడా దానికి అతికించిన తీగలాంటిదే. అది సాగేకొద్దీ సెకండరీ కెపాసిటెన్స్ పెరుగుతుంది, ఫ్రీక్వెన్సీ దిగుతుంది. నేను ట్యూన్ చేసింది మెరుపు లేని కాయిల్‌ని. మెరుపు కాస్త ఎదగ్గానే శ్రుతి తప్పి అక్కడే ఆగిపోతోంది.

పన్నెండున్నర దగ్గర 50 సెంటీమీటర్లు దాటింది. మా బావమరిది నాబ్ వదిలేసి రెండడుగులు వెనక్కి పోయాడు. పన్నెండూ ముప్పావు దగ్గర మళ్లీ తగ్గింది. లెక్కేసి చూస్తే ఆ పన్నెండున్నర అంటే 177 కిలోహెర్ట్జ్, మొదటి లెక్క కంటే ఆరు శాతం కింద.

ఆపాక చూస్తే పన్నెండుంపావు చోట గొట్టం మీద ఆవగింజంత నల్లటి గుంట. క్లిప్పు వదులుగా ఉండి అక్కడే చిన్న నిప్పురవ్వ ఆడిందన్నమాట. గరుకు కాగితంతో రుద్ది, క్లిప్పు నోరు బిగించాను.

వారం తిరక్కుండా ఆశ పుట్టి 50 సెం.మీ. టోరాయిడ్ పెట్టాను. మొత్తం మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడు ట్యాప్ పదమూడున్నర దగ్గరుంది. నా దగ్గరున్న గొట్టంలో మిగిలింది ఇంకో అర చుట్టే.