ఏడు చాలు

కడుపులో రక్తం కారి ఆస్పత్రిలో పడి ఏడాది దాటింది కాబట్టి ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను. కానీ అక్కడి డాక్టరు "ఏడు దాటిందిగా, చాలు" అన్న ఆ మాట గుర్తొస్తే ఇవాళ్టికీ ఒళ్లు మండుతుంది.

మాది ఖమ్మం. పదేళ్లుగా కర్రీ పాయింట్ నడుపుతున్నాను. పొద్దున ఐదింటికి పొయ్యి ముందు నిలబడితే మధ్యాహ్నం రెండింటి దాకా కూర్చునే పని లేదు. మోకాళ్లు అరిగాయి. సందు చివర మెడికల్ షాపులో అడిగితే నొప్పి మాత్రలిచ్చాడు. పరగడుపున ఒకటి, రాత్రి ఒకటి, అలా ఎనిమిది నెలలు మింగాను. చీటీ ఏదని అతను అడగలేదు, ఎన్నాళ్లు వేసుకోవాలని నేనూ అడగలేదు. అతని మీద కోపం ఉంది. నా మీద నాకు అంతకంటే ఎక్కువ ఉంది.

నాలుగు రోజులు విరేచనం తారులా నల్లగా అయింది. తిన్నది పడలేదేమో అనుకున్నాను, లోపల రక్తం కారుతోందని తెలియలేదు. ఐదో రోజు గుత్తివంకాయకి తాలింపు వేస్తూ కళ్లు తిరిగి కూలబడ్డాను. కాఫీ మడ్డిలా వాంతి, దాని వెనకే ఎర్రగా ఇంకొకటి. ఆటోలో మావారి ఒడిలో తల పెట్టుకున్నదాకా గుర్తుంది.

ఆస్పత్రిలో చూస్తే హిమోగ్లోబిన్ 4.6. ఆడవాళ్లకి 12 ఉండాలి. ఐసీయూలో చేర్చారు. నోట్లోంచి కెమెరా గొట్టం వేసి చూసే ఎండోస్కోపీలో కడుపులో పుండు కనపడిందని, అది ఆ నొప్పి మాత్రల వల్లేనని, ఇంజెక్షన్ ఇచ్చి క్లిప్పు వేశారని తరవాత విన్నాను. నాకు బాగా గుర్తున్నది రక్తం సంచి. ఇద్దరు సిస్టర్లు మంచానికి చెరోపక్కా నిలబడ్డారు. ఒకరు సంచి మీది నంబరు చదువుతుంటే ఇంకొకరు కాగితంలో సరిచూశారు. నా పేరు నాచేతే చెప్పించారు. గొణిగితే ఒప్పుకోలేదు, "గట్టిగా చెప్పమ్మా" అన్నారు. ఫ్రిజ్‌లో ఉన్న రక్తం కదా, మోచేతి నుంచి భుజం దాకా చల్లగా పాకింది. మొదటి పావుగంట పక్కనే ఉండి చలిగా ఉందా, దురద పెడుతోందా అని అడుగుతూనే ఉన్నారు. ఆ పిల్లలకి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

మొత్తం మూడు సంచులు ఎక్కించారు. బదులు రక్తం ఇవ్వాలన్నారట. గేటు దగ్గర ఎవడో మా తమ్ముణ్ణి పక్కకి లాగి, డబ్బిస్తే మనిషిని తెస్తానన్నాడు. డబ్బు తీసుకుని రక్తమివ్వడం 1998 నుంచే మన దేశంలో నిషేధం. వాడికి ఆ సంగతి తెలియక కాదు. చివరికి మమ్మల్ని తీసుకొచ్చిన ఆటో అబ్బాయే ఇంకో స్నేహితుణ్ణి వెంటబెట్టుకొచ్చి ఇచ్చాడు. కిరాయి కూడా తీసుకోలేదు.

రెండో రోజు సాయంత్రానికి హిమోగ్లోబిన్ 7.4 వచ్చింది. తమ్ముడు మరో నలుగురిని సిద్ధంగా ఉంచాడు. డ్యూటీ డాక్టరు నా కాళ్ల దగ్గరికొచ్చాడు, మా మేనల్లుడి వయసు ఉంటుంది. రిపోర్టు చూశాడు. నా మొహం చూడకుండానే సిస్టర్‌తో "ఏడు దాటిందిగా, చాలు. ఇంక బ్లడ్ వద్దు" అని వెళ్లిపోయాడు.

చాలడమేంటి? పావుకిలో కూర అడిగినవాళ్లకి నూటయాభై గ్రాములు కట్టి "చాలు" అంటే ఊరుకుంటారా? ఇక లాభం లేదని వదిలేశారనుకున్నాను. ఆరోగ్యశ్రీ మీద చేరాం కాబట్టి ఇవ్వట్లేదని మావారి అనుమానం. తలుపు దగ్గర ఆయన గొంతు పెంచి అడగడం, "రూల్ అంతే" అని ఎవరో అనడం మంచం మీద నుంచే విన్నాను.

ఆ రాత్రి కన్ను మూతపడలేదు. పక్క మంచం మీద డెంగీ కుర్రాడున్నాడు. వాడికి పసుపురంగు సంచి ఒకటి అవగానే ఇంకొకటి పెడుతున్నారు. అవి ప్లేట్‌లెట్లని నాకేం తెలుసు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ప్రాణం మీదికొచ్చిన ఆ పిల్లాణ్ణి చూసి కుళ్లుకున్నాను. రెండింటికి సిస్టర్ వస్తే "ఆ పసుపుదైనా కాస్త నాకు ఎక్కించమ్మా" అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని, "నీకు రక్తం కారడం ఆగిందమ్మా, బీపీ బాగుంది. అందుకే వద్దన్నారు" అంది.

ఆ ఒక్క ముక్క చెప్పడానికి సాయంత్రం నుంచి ఎవరికీ తీరిక లేకపోయింది. అయినా పూర్తిగా నమ్మలేదు. జమలాపురం వెంకన్నకి మొక్కుకుని తెల్లారేదాకా మానిటర్ వైపే చూస్తూ పడుకున్నాను.

మర్నాడు పెద్ద డాక్టరు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "పగిలిన పైపుకి గుడ్డ కట్టి వెంటనే మోటారు వేస్తే కట్టు నిలుస్తుందా?" అన్నారు. ఎక్కువ ఎక్కిస్తే ఒత్తిడి పెరిగి పుండు మళ్లీ కారొచ్చట, ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చట. గుండెజబ్బు ఉన్నవాళ్లకి మాత్రం లెక్క వేరట. ఇంటికొచ్చాక, బీ ఫార్మసీ చదివే మా అమ్మాయి ఒక పరిశోధన చదివి వినిపించింది. స్పెయిన్‌లోని బార్సిలోనాలో నాలాగే కడుపులో రక్తం కారిన 921 మందిని రెండు జట్లు చేశారట. 2013లో వచ్చింది. ఒక జట్టుకి 7 కంటే తగ్గితేనే రక్తం, రెండో జట్టుకి 9 కంటే తగ్గగానే. మొదటి జట్టులోనే ఎక్కువమంది బతికారు. వాళ్లలో సగం మందికి అసలు రక్తమే ఎక్కించలేదు.

అంటే ఆ కుర్ర డాక్టరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నాకు మండేది అక్కడే. తప్పు చేసి ఉంటే నాలుగు తిట్టి మరిచిపోయేదాన్ని.

ఇప్పుడు మోకాళ్లకి కాపడం పెట్టుకుంటున్నాను, పొయ్యి పక్కన ఎత్తు స్టూలు వేసుకున్నాను. కూరలకి వచ్చేవాళ్లు నొప్పి మాత్రల మాటెత్తితే పొట్లం కట్టడం ఆపి మరీ క్లాసు పీకుతాను. విరేచనం నల్లబడితే నాలుగు రోజులు ఆగొద్దంటాను. ఐరన్ మాత్రలకీ అలాగే అవుతుందని నాకు తెలియక, ఇంటికొచ్చిన వారానికే మావారిని మళ్లీ ఆస్పత్రికి పరిగెత్తించాను, అది వేరే సంగతి.

మొన్న చెకప్‌కి వెళ్లినప్పుడు ఆ కుర్ర డాక్టరు కారిడార్‌లో కనపడ్డాడు. హిమోగ్లోబిన్ 11.2 అని చెప్పాను. ఆ రాత్రి సంగతీ చెప్పాను.

"అలా అన్నానా అమ్మా? గుర్తు లేదు" అన్నాడు. నిజంగానే గుర్తు లేదు, మొహంలో తెలుస్తోంది. రాత్రంతా డ్యూటీ చేసినట్టున్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

సిస్టర్ల కోసం తీసుకెళ్లిన గోంగూర పచ్చడి సీసాల్లో ఒకటి అతని చేతిలో పెట్టాను. "అన్నం తిన్నావా?" అని అడిగితే ఇంకా లేదన్నాడు.