హోమ్‌లో ఉన్నవారి సమ్మతి ఎవరిది?

మేధో వైకల్యం ఉన్న మనిషిని సంరక్షణ హోమ్‌లో చేర్చిన రోజు నుంచి అన్నిటికీ సంతకం పెట్టే అధికారం కుటుంబానికో నిర్వాహకులకో వచ్చేస్తుందని మనలో చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకం ఎంత ప్రమాదకరమో 2009లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన చండీగఢ్ కేసు చూపిస్తుంది.

తల్లిదండ్రులు లేని, మేధో వైకల్యం ఉన్న ఒక యువతి ప్రభుత్వ సంరక్షణ గృహంలో ఉంటూ అక్కడే అత్యాచారానికి గురై గర్భవతి అయింది. ఆమె బిడ్డను కనాలనే కోరుకుంటున్నదని నిపుణుల బృందం నివేదించినా, పాలనా యంత్రాంగం కోరిన మీదట హైకోర్టు గర్భవిచ్ఛిత్తికి ఆదేశించింది. సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టం ప్రకారం సంరక్షకుల సమ్మతి చాలేది మైనర్లకూ మానసిక రోగులకూ మాత్రమేననీ, 2002 సవరణ మేధో వైకల్యాన్ని (అప్పటి మాటలో బుద్ధిమాంద్యాన్ని) ఆ కోవలోంచి తప్పించిందనీ, కనుక మేజరైన ఆమె సమ్మతి తప్పనిసరి అనీ, బిడ్డను కనాలా వద్దా అన్నది రాజ్యాంగం 21వ అధికరణం కాపాడే వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమనీ తేల్చి చెప్పింది. ఆమెను కాపాడలేకపోయిన వ్యవస్థే ఆమె దేహం గురించి నిర్ణయం తీసుకోబోవడం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

2017 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మరింత ముందుకు వెళ్ళింది. ఆస్తి, డబ్బు వ్యవహారాలతో సహా అన్నిటా వీరికి ఇతరులతో సమానమైన చట్టపరమైన సామర్థ్యం ఉందని 13వ సెక్షన్ గుర్తిస్తుంది. 14వ సెక్షన్ చెప్పే పరిమిత సంరక్షకుడు ఒక నిర్దిష్ట నిర్ణయానికి, నిర్దిష్ట కాలానికి, ఆ మనిషి ఇష్టాన్ని అనుసరించి, అతనితో కలిసి నిర్ణయించవలసినవాడే. వేరే చట్టాల కింద నియమితులైన సంరక్షకులు కూడా ఇకపై పరిమిత సంరక్షకులుగానే వ్యవహరించాలని అదే సెక్షన్ అంటుంది. అయితే సమ్మతి లేని గర్భవిచ్ఛిత్తిని నేరంగా ప్రకటించిన 92వ సెక్షన్, వైకల్యం తీవ్రంగా ఉన్నప్పుడు వైద్యుని అభిప్రాయంతో, సంరక్షకుని సమ్మతితో మినహాయింపు ఇచ్చింది. తమ ఇష్టాన్ని మాటల్లో చెప్పలేని స్త్రీలకే రక్షణ తగ్గించిన ఆ మినహాయింపు నాకు సమ్మతం కాదు.

మా పిన్ని కొడుకును చేర్చినప్పుడు హోమ్ వారిచ్చిన దరఖాస్తులో తండ్రి సంతకానికీ సంరక్షకుని సంతకానికీ గళ్ళు ఉన్నాయి కానీ, వాడి వేలిముద్రకైనా చోటు లేదు. ముప్పై దాటినవాడు, ఎదురుగా కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. ఇక్కడ ఉంటావా అని వాడిని ఎవరూ అడగలేదు. ఫలానా చోటే ఉండాలనే నిర్బంధం లేకుండా ప్రభుత్వం ప్రయత్నించాలని 2016 చట్టంలోని 5వ సెక్షన్ చెప్పేది ఆ కుర్చీలో ఉన్న మనిషి గురించే. తలుపుకు తాళం వేయడం, పింఛను పాసుపుస్తకం ఆఫీసు బీరువాలో ఉంచుకోవడం, ఇంటికి ఫోన్ చేయనివ్వకపోవడం వంటివి క్రమశిక్షణ పేరిట సాగిపోతుంటాయి. వీటిలో వేధింపు గానీ దోపిడీ గానీ ఉన్నట్టు తెలిస్తే కుటుంబ సభ్యులే కానక్కరలేదు, ఎవరైనా 7వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు తెలియజేయవచ్చు. పోలీసులకు ఫిర్యాదు అందితే, ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉందని బాధితులకు చెప్పడం వారి బాధ్యత.