మాటల్లేని సినిమా, మాట తప్పిన అమ్మ

పోయిన నెల నుంచి మా అమ్మాయి వీడియో కాల్‌లో వాళ్ళ తాతయ్యతో మాట్లాడటం లేదు. అలగలేదు, లేచి వెళ్ళిపోలేదు. ఫోను ముందే కూర్చుంటుంది, నవ్వుతుంది, తలాడిస్తుంది. చెప్పాల్సింది మాత్రం తమ్ముడి చెవిలో గుసగుసగా చెబుతుంది. ఎనిమిదేళ్ళ ఆ గడుగ్గాయి గొంతు సవరించుకుని, "తాతయ్యా, మోకాలు తగ్గిందా అని అక్క అడుగుతోంది" అంటాడు. అక్క ఇంగ్లీషుకీ, తాతయ్య తెలుగుకీ మధ్య వీడొక్కడే దుబాసీ.

ఏంటే ఈ వేషాలు అని కసిరితే, "మానా కూడా ఇంటర్వ్యూల్లో ఇంతే" అంది.

ఆ మానా ఎవరో తెలుసుకోవడానికి నాకు మూడు రోజులు పట్టింది. మాలిస్ మిజెర్ అని జపాన్‌లో ఒక రాక్ బ్యాండ్. 1992లో మొదలై 2001 డిసెంబర్‌లో ఆగిపోయింది. మా అమ్మాయి పుట్టకముందే దుకాణం సర్దేసిన వాళ్ళ మీద దీనికింత ప్రేమ ఎలా పుట్టిందో నాకర్థం కాలేదు. మానా అందులో గిటారిస్టు. నల్ల లేసుల గౌను, తెల్లటి మొహం, సన్నగా గీసిన పెదవులు. నలుగురిలో నోరు విప్పడు. అడిగినదానికి పక్కనున్న బ్యాండు వాళ్ళ చెవిలో జవాబు చెబితే, వాళ్ళు పైకి చెబుతారు.

ఫొటో చూడగానే నా నోటి నుంచి ఊడిపడ్డ మొదటి మాట, "మగాడికి ఆ గౌనేంటే?" అది నా వైపు చూసి ఊరుకుంది. ఆ రాత్రి గిన్నెలు సర్దుతుంటే మా నాన్న గుర్తొచ్చారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ వేషం కట్టి జడ విసిరితే, ఆ వయ్యారం ఏ ఆడపిల్లకి వస్తుందని ఇప్పటికీ అంటారాయన. కూచిపూడిలో అయితే కళ, జపాన్‌లో అయితే "ఇదేంటే". ఈ మాట మా అమ్మాయి దగ్గర ఒప్పుకోవడానికి ఇంకో వారం పట్టింది నాకు. నేను చెప్పాక అది శర్మ గారి వీడియో వెతుక్కుని చూసి, "ఐలైనర్ సూపర్" అంది. మా నాన్నకి ఇంకా చెప్పలేదు.

అసలు అది ఎందుకు మాట్లాడటం మానేసిందో నాకు తెలుసు. తెలియనట్టు ఇంతసేపూ మానా మీదకి నెట్టేశాను. ఆ మధ్య కాల్‌లో "తాతయ్యా, నాకు ఆకలి ఉంది" అంది. "ఆకలేస్తోంది అనాలి" అన్నాను. "తాతయ్యా, నువ్వు తిన్నావా?" అంది. "మీరు తిన్నారా అనాలి" అన్నాను. "పల్లు తోముకున్నా" అనేసరికి అటు మా పిన్ని, ఇటు నేను ఒకేసారి పగలబడి నవ్వాం. "అర్థమైంది కదే, వదిలెయ్యి దాన్ని" అన్నారు నాన్న. నేను వదల్లేదు. మూడుసార్లు "పళ్ళు" అనిపించాను. ఇంతకీ నేనేమైనా గ్రాంథికం మాట్లాడతానా? కోపం వస్తే నా తిట్లన్నీ ఇంగ్లీషులోనే. ఇంట్లో సాయంత్రం ఆరు దాటితే తెలుగే అని రూలు పెట్టింది నేనే, ఆరున్నరకి ఆఫీసు కాల్‌లో కూర్చునేదీ నేనే.

రాజీకి దాని షరతు ఒక్కటే. తనతో కూర్చుని ఒక సినిమా చూడాలి, మధ్యలో నేను ఏదీ సరిదిద్దకూడదు. సరేనన్నాను.

2001లో ఆ బ్యాండు వాళ్ళు తీసుకున్న రక్తపిశాచి సినిమా అది. డ్రాకులా కథని తమ పద్ధతిలో మార్చుకుని వాళ్ళే వేషాలు కట్టారు. ఒక్కరూ మాట్లాడరు, ఉన్నదల్లా వాళ్ళ సంగీతమే. అంతకు రెండేళ్ళ ముందు, 1999లో, పాటగాడు గాక్ట్ వెళ్ళిపోయాడు, డ్రమ్మర్ కామి చనిపోయాడు. అప్పటిదాకా రంగులతో, నాటకంలా సాగిన వాళ్ళ పాటలు ఆ తర్వాత చర్చిలో సమాధుల మధ్య వినిపిస్తున్నట్టు మారిపోయాయట. అదంతా మా అమ్మాయి ఇంగ్లీషులో గడగడా చెబుతుంటే దాని మొహమే చూస్తూ కూర్చున్నాను. దీనికి మాటలు రాకపోవడమేంటి!

"వీటిని మూకీలంటారు. మన తెలుగువాళ్ళు 1921లోనే తీశారు, భీష్మ ప్రతిజ్ఞ" అన్నాను గొప్పగా. "స్పూకీ మూకీ" అంది. సినిమా మొదలైంది. రెండు నిమిషాలు కాకముందే "వీడెవడే? ఆ అమ్మాయి ఎందుకలా చూస్తోంది? తలుపు తీస్తుందేంటి పిచ్చిది?" అని మొదలుపెట్టాను. మా అమ్మాయి ఆపేసింది. జపాన్‌లో మూకీల కాలంలో తెర పక్కన నిలబడి కథంతా చెప్పేవాళ్ళు ఉండేవాళ్ళట, బెన్షీ అంటారట. "నువ్వు బెన్షీవి అమ్మా. మాటల్లేని సినిమాకి కూడా డబ్బింగ్ చెప్తావు."

నోరు మూసుకున్నాను. ఎంత కష్టమో! పక్కన అది నా భుజానికి ఆనుకుని చూస్తోంది. అలా ఆనుకుని ఏడాది దాటింది. పిల్లల్ని సరిదిద్దకండి, ఊరికే పక్కన కూర్చోండి అని రాసేద్దామనిపించింది. కానీ సరిదిద్దకపోతే ఆ "పల్లు" అలాగే ఉండిపోదా? వాళ్ళ పిల్లలకి అదీ రాకపోతే? ఏమో.

అయిపోయాక పేరుకి అర్థం అడిగాను. గులాబీల పెళ్ళి అట. దాని కింద ఇంకో వాక్యం ఉంది, అర్ధరాత్రి ఒకరికొకరు చేసుకున్న ప్రామిస్ అని చెప్పింది.

"అర్ధరాత్రి ఇచ్చుకున్న మాట" అన్నాను.

"ప్రామిస్‌ని కూడా మాటే అంటారా?"

"ఊఁ. మాట ఇస్తాం, మాట తీసుకుంటాం."

"మరి ఈ సినిమాలో మాటలే లేవుగా!" అని పకపకా నవ్వింది, తెలుగులోనే. కాసేపటికి ఏదో గుర్తొచ్చి వేలు చూపించింది. "సినిమాలో మాట్లాడావు. అమ్మా, నువ్వు మాట విరిచావు!"

విరవడం కాదే, తప్పడం. నాలుక చివరిదాకా వచ్చింది. దుప్పటి నోట్లో కుక్కుకున్నాను. అది నా మొహం చూసి, "ఏంటి, తప్పా?" అంది.