అమ్మమ్మకి పాతది, నాకు కొత్తదా?

"అమ్మమ్మకి ఎవరో వాడేసిన లాప్‌టాప్ కొంటున్నావా?" ద్వారకానగర్‌లో షాపు మెట్లెక్కుతుంటే మా పాప అడిగింది. పదకొండేళ్లది. తెలుగులోనే అడిగింది. ఇంకో రోజైతే వాక్యం మొత్తం తప్పు లేకుండా పలికినందుకే పొంగిపోయేదాన్ని. ఆ రోజు మాత్రం ఏం చెప్పాలో తోచలేదు.

ఎందుకంటే విశాఖ బయల్దేరే నెల ముందే దానికి కొత్త లాప్‌టాప్ కొన్నాం. స్కూల్లో ఇచ్చింది ఉండగానే. స్నేహితురాళ్లందరికీ సొంతది ఉందని రెండు వారాలు అలిగింది, కొనేశాం.

అమ్మకి కావాల్సినవి చిన్న పనులే. కళ్లకి ఆపరేషన్ అయినా ఫోన్‌లో అక్షరాలు ఆనడం లేదంటుంది. కరెంటు బిల్లు కట్టుకోవాలి, తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు చూసుకోవాలి, ప్రవచనాలు వినాలి, మాతో మాట్లాడాలి. దీనికి యాభై వేలు పెట్టి కొత్తది ఎందుకని నా వాదన. ఆ వాదన తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు.

ఆఫీసుల్లో మూడు నాలుగేళ్లు వాడి, లీజు తీరాక తిరిగిచ్చేసినవే చాలావరకు ఇలా బాగుచేసి అమ్మకానికి పెడతారు. గట్టిగా ఉంటాయి. కానీ చూసి కొనాలి. విండోస్ 10కి మామూలు సపోర్ట్, అంటే అప్‌డేట్లు ఇవ్వడం, 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 సరిగ్గా నడవాలంటే ఇంటెల్‌లో ఇంచుమించు ఎనిమిదో తరం ప్రాసెసర్ అయినా ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. అంతకంటే పాతదాంట్లో ఎలాగో ఎక్కించి ఇస్తామన్నా వద్దనండి. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టే పెద్దవాళ్ల చేతికి అప్‌డేట్లు రానిది ఇవ్వకూడదు. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ సరిపోతాయి.

బ్యాటరీ రిపోర్ట్ మాత్రం షాపులోనే తీయించాలి. అబ్బాయి నల్ల స్క్రీన్ మీద ఏదో కొట్టి చూపించాడు. కొత్తలో 60 వేల మిల్లీవాట్ అవర్ల చార్జి పట్టేది, ఇప్పుడు 34 వేలే పడుతోంది. బ్యాటరీ మార్చి ఇస్తేనే తీసుకుంటానన్నాను. మార్చాడు. అంతా కలిపి 19 వేలు, బిల్లు, ఆరు నెలల వారంటీ. అమ్మ ఉండేది ఎంవీపీ కాలనీలో, సముద్రపు గాలికి కిటికీ ఊచలే తుప్పు పట్టిపోతాయి. అందుకని యూఎస్‌బీ పోర్టుల్లోకి, హింజ్‌ల దగ్గరా ఫోన్ లైటు వేసి మరీ చూశాను.

"అంత భయమైతే కొత్తదే కొనొచ్చు కదా" అంది పాప.

పాతదైనా పనిచేసేది పారెయ్యకూడదని, చెత్త తగ్గుతుందని, డబ్బు ఊరికే రాదని చెప్పాను. అంతా విని, "మరి నాది?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. పాప అలుగుతుంది, అమ్మ అలగదు. అలగనివాళ్లకి చవకది చాలని నాకు నేనే తీర్మానించేసుకున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు పాప నా కడుపులో ఉంది. మూడు రోజులు అమ్మ ఫోన్ కలవలేదు. ఒక్కసారి ఆ గొంతు వినిపిస్తే ఉన్నదంతా ఇచ్చేస్తాననుకున్నాను. అదే నేను, షాపులో ఇంకో వెయ్యి తగ్గించమని బేరమాడాను.

ఇంటికి తెచ్చాక అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని చూసింది. మూత మీద ఏదో ఆఫీసు స్టిక్కర్ పీకేసిన జిగురు మరక ఉంది. దూదికి కొబ్బరినూనె అద్ది, గుండ్రంగా రుద్ది రుద్ది తీసేసింది. పాత చీర ముక్కతో తుడిచి, దేవుడి దగ్గర పెట్టి, మూలగా కుంకుమ బొట్టు పెట్టింది. "అది పాతది కదా అమ్మమ్మా" అంది పాప. "మనింటికి ఇవాళేగా వచ్చింది తల్లీ" అంది అమ్మ. నేనేమిచ్చినా ఆవిడ ఆ మాటే అంటుందని నాకు తెలుసు. అందుకే ఆ మాటతో నా మనసు కుదుటపడలేదు.

వచ్చేసారి పాపకి కూడా వాడిందే కొనాలా? కొంటే అది పొదుపు నేర్చుకుంటుందా, లేక అమ్మమ్మ వల్ల తనకి కొత్తది రాలేదనుకుంటుందా? ఇతర తల్లిదండ్రులకి ఏం చెప్పాలో కూడా తెలియడం లేదు. కొనేటప్పుడు చూసుకోవాల్సినవి మాత్రం చెప్పగలను.

తిరిగొచ్చి రెండు నెలలైంది. షాపబ్బాయి పెట్టిచ్చిన తెలుగు కీబోర్డు మీద అమ్మ రెండు వేళ్లతో కొట్టడం నేర్చుకుంది. నిన్న వీడియో కాల్‌లో ఉండగానే పాపకి మెసేజ్ వచ్చింది. పాపకి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. తన లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది.

"అన్నం తిన్నావా అని" చెప్పాను.

"తిన్నాను అని తెలుగులో ఎలా కొట్టాలి?"

నేను ఇన్నేళ్లూ తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడుతున్నాను. సెట్టింగుల్లో వెతికి తెలుగు పెట్టాం. ఏ మీట నొక్కితే 'త' వస్తుందో తెలియక ఇద్దరం ఒక్కోటీ నొక్కి చూస్తున్నాం. అవతల అమ్మ కళ్లజోడు పైకి తోసుకుని, స్క్రీన్‌కి ఇంకాస్త దగ్గరగా జరిగింది.