చెల్లెలు నర్సింగ్ చేస్తానంటే పక్కింటి అత్తని అడిగినా

మా చెల్లెలికి ఇంటర్ బైపీసీ అయిపోయింది, నీట్‌లో సీటు రాలేదు, రాదని దానికీ తెల్సు మాకూ తెల్సు, ఇప్పుడు నర్సింగ్ చేస్తా అని కూర్చుంది. నాయన ఏమీ అనలేదు గానీ మా అవ్వ మాత్రం "రాత్రి డ్యూటీలంట, రేపు ఎవడు చేసుకుంటాడు దీన్ని" అని వారం నుంచీ ఒకటే పాట. నాకేమో ఈ లైన్ గురించి ఓనమాలు తెలీవు. యూట్యూబ్‌లో చూస్తే ప్రతోడూ ఏదో ఒక కాలేజీకి అడ్మిషన్లు చేపించేవాడే.

కర్నూల్ కల్లూరులో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఒక అత్త ఉంది, ముప్పై ఏళ్ళ పైన గవర్నమెంట్ సర్వీస్ చేసి హెడ్ నర్సుగా రిటైర్ అయింది. చుట్టం కాదు, వీధిలో అందరం అత్తా అనే పిలుస్తాం. ఆదివారం పొద్దున ఉగ్గాని, బజ్జీలు కట్టించుకుని, నోట్‌బుక్‌లో పన్నెండు ప్రశ్నలు రాసుకుని, చెల్లెల్ని ఎంటబెట్టుకుని పోయినా.

కోర్సుల సంగతి రెండు నిమిషాల్లో తేల్చేసింది. ఏఎన్ఎం (సహాయ నర్సు, మంత్రసాని కోర్సు) రెండేళ్ళు, జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ డిప్లొమా) మూడేళ్ళు, బీఎస్సీ నర్సింగ్ డిగ్రీ నాలుగేళ్ళు. జీఎన్ఎంకి ఆర్ట్స్ చదివినోళ్ళైనా రావచ్చు, బీఎస్సీకి సైన్స్ ఉండాల్సిందే. జీఎన్ఎం చేసినోళ్ళు తర్వాత ఇంకో రెండేళ్ళు పోస్ట్ బేసిక్ చదివితే బీఎస్సీ అవుతుంది. అయిపోయినాక నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకోకపోతే "ఆ సర్టిఫికెట్ గోడకి తగిలించుకోను పనికొస్తుంది" అనింది.

కాలేజీ ఎట్లా చూసుకోవాల అంటే, "బిల్డింగు చూడాకండి, వాళ్ళ ఆస్పత్రిలో పడకలు చూడండి. పడకల మీద మనుషులు ఉండారా లేదా చూడండి" అనింది. నాకు వెంటనే మా ఫ్రెండ్ వాళ్ళ అక్క గుర్తొచ్చింది. ఆమె చదివిన ప్రైవేట్ కాలేజీ పేరు ఎందుకులే, అక్కడి వార్డులో దుప్పట్లు కొత్తగా మెరుస్తుండేవంట, పేషెంట్లే ఉండరు, ఇన్స్‌పెక్షన్ రోజు మాత్రం ఎవరో ఒకర్ని తెచ్చి పండుకోబెట్టేవాళ్ళంట. కోర్సు అయిపోయి జాబ్‌లో చేరినాక కాన్యులా (సెలైన్ ఎక్కించను నరంలో పెట్టే సన్న గొట్టం) పెట్టమంటే చెయ్యి వణికిందని ఆమే చెప్పుకుంది.

అప్పుడు అత్త నా పెన్ను లాక్కుంది. అర లీటరు సెలైన్ ఎనిమిది గంటల్లో పోవాల, సెలైన్ పైపు సెట్టు ప్యాకెట్ మీద ఎమ్మెల్‌కి 20 చుక్కలని ఉంది, నిమిషానికి ఎన్ని చుక్కలు అని చెల్లెల్ని అడిగింది. అది పెన్ను కూడా తీసుకోకుండా 10,000 చుక్కలు, 480 నిమిషాలు, ఇరవై ఒకటి అనేసింది. నేనింకా ఫోన్‌లో క్యాలిక్యులేటర్ వెతుకుతున్నా. అత్త నవ్వి, లెక్క ఎవరైనా చేస్తారు, వాచీ పట్టుకుని చుక్కలు చూస్తా రోలర్ (పైపు మీద చుక్కల వేగం మార్చే చక్రం) సరిచేసి పోతాం, పది నిమిషాలకి వచ్చేసరికి పేషెంటు చెయ్యి మడిచి ఉంటాడు, ఆగిపోయి ఉంటుంది, లేకపోతే తోడొచ్చినోడు తొందరగా ఎక్కితే తొందరగా లేస్తాడని రోలర్ పూర్తిగా తిప్పేసి ఉంటాడు, గుండె జబ్బు ఉన్న ముసలాయనకి అట్లా ఎక్కిందనుకో ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు చేరతాయి అనింది. ఇంజెక్షన్ వేసేది రెండు నెలల్లో చేతికొస్తాదంట, తిరగతా తిరగతా పడకల వైపు చూసే చూపు మాత్రం నిదానంగా వస్తాదంట.

నా నోట్‌బుక్ అప్పుడే మూసేసినా.

అన్నిటికంటే పాము కేసుల గురించి ఎక్కువ చెప్పింది. వానలు పడినాక పల్లెల నుంచి వస్తానే ఉంటారంట. కట్లపాము కరిస్తే పెద్దగా నొప్పి ఉండదు, వాపు ఉండదు, నేల మీద పండుకున్నోడు ఏందో కుట్టిందిలే అని మళ్ళా నిద్రపోతాడు, తెల్లారి కడుపునొప్పి అని వస్తాడు, చూస్తే కంటి రెప్పలు వాలిపోతుంటాయి. అట్లాంటోన్ని ఒక్క ఊపిరిలో ఒకటి రెండు మూడు లెక్కపెట్టమంటారంట. ఇరవై దాకా పోయినోడు గంటకి పన్నెండు కాడ ఆగిపోయినాడంటే ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతున్నాయని, డాక్టర్ని పరుగున పిలిచి వెంటిలేటర్ రెడీ చేసుకోవాల. రక్తపింజరి అయితే వేరే కథ, శుభ్రమైన పొడి గాజు ట్యూబులో రెండు ఎమ్మెల్ రక్తం పోసి ఇరవై నిమిషాలు కదపకుండా పెడతారు, వంచినప్పుడు గడ్డకట్టకుండా నీళ్ళలాగా జారితే విషం ఎక్కినట్టే. ఆ ఇరవై నిమిషాలు ట్యూబును ఎవరూ ముట్టుకోకుండా చూసేదే పెద్ద పని, ఒకసారి ఎవరో బంధువు "ఇదేంది సిస్టరమ్మా" అని ఎత్తి ఊపేసినాడంట, మళ్ళా మొదటి నుంచి.

ఇదంతా వింటా మా చెల్లెలు మెల్లగా ఒక్క ఊపిరిలో లెక్కపెట్టుకుంటోంది. నలభై మూడు వచ్చింది. నాకు ముప్పై. (బజ్జీలు తిన్నాక కదా, లెక్కలోకి రాదు.)

కష్టం గురించి అడిగితే, పొద్దున ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి రాత్రి ఎనిమిది, నైటు ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది అని షిఫ్టులు చెప్పి, చీర కాస్త పైకెత్తి కాళ్ళు చూపించింది, పిక్కల మీద నీలం నరాలు తాడులా మెలి తిరిగి ఉన్నాయి. ఏమీ అనలేదు, మళ్ళా దించేసుకుంది. కాసేపాగి 2009 అక్టోబర్ చెప్పింది, తుంగభద్ర, హంద్రీ రెండూ కర్నూల్లోకి వచ్చేసినప్పుడు ఆమె డ్యూటీలో ఉందంట, ఫోన్లు కలవలేదు, ఇంట్లో ఇద్దరు పిల్లలు. మేడ మీదికి ఎక్కినారని మర్నాడు సాయంత్రానికి గానీ కబురు రాలేదు. "అప్పుడు ఏం చేసినావత్తా" అంటే, "ఏం చేస్తా, చార్టు రాసినా, మందులు ఇచ్చినా" అనింది.

ఫారిన్ గురించి తొందరగా దాటేసింది. జర్మనీకి బీ2 లెవెల్ దాకా వాళ్ళ భాష రావాల, గల్ఫ్‌కైతే అక్కడ నర్సు లైసెన్సుకి రాసే ప్రోమెట్రిక్ పరీక్ష, కడప వైపు వాళ్ళనడిగితే గల్ఫ్ సంగతి నాకన్నా బాగా చెప్తారు, ముందు ఇక్కడ రెండేళ్ళు జనరల్ వార్డులో చెయ్యనీ అనింది.

అవ్వ మాట కూడా అడిగేసినా, సిగ్గుపడతానే. అత్తకి కోపం రాలేదు. "మీ అవ్వకి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు రాత్రి రెండు గంటలకి బెడ్‌పాన్ పెట్టింది ఎవురో అడుగు" అనింది. ఇంటికొచ్చి అడిగినా. అవ్వ చిక్కుడుకాయలు తుంచుకుంటా, ఆ పిల్ల ఆదోని పిల్ల, బంగారం లాంటిది అని చెప్పి, ఆ తర్వాత నా మొహం చూసి మాట మార్చేసింది.

ఇంటికొచ్చినాక గుర్తొచ్చింది, అసలు ప్రశ్న, జీతం, అడగనే లేదు. సాయంత్రం మళ్ళా పోయి గేటు కాడ నిలబడి అడిగితే లోపల్నించే అరిచింది, "అది నీకు కాదు, మీ నాయన్ని పంపు చెప్తా. బజ్జీలు ఈసారి ఇంకొన్ని తెమ్మను."